దూది తడిసిన చోటు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఆ రోజుల్లో ఎవరు బావి తవ్వాలన్నా ముందు చిన్న మంగళారం ఊరి పెంటమ్మకు కబురు పెట్టేవారు. ఆమె పొద్దు వాలేవేళకు వచ్చేది. వెనకాల కోడలు మేరీ, మేరీ నెత్తిమీది గంపలో ఐదారు కొత్త కుండలు, కొంగున ఇంత పత్తి. చేనంతా ఒకసారి తిరిగి, కాలికి నచ్చిన చోటల్లా పెంటమ్మ పైమట్టి గీకేది. గుప్పెడు ఎండు దూది అక్కడ ఉంచి, దానిమీద కుండ బోర్లించి, అంచు చుట్టూ గాలి చొరకుండా బురద మెత్తేది. తెల్లారి వచ్చి ఒక్కో కుండా ఎత్తి చూసేది. ఏ కుండ కింద దూది తడిసి ముద్దయిందో అక్కడ గడ్డపార వేయమనేది.

ఈ విద్య ఆమెకు తల్లి నుంచి వచ్చింది. పేరు కూడా తల్లి పెట్టిందే. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈమె పుట్టగానే తల్లి ఊరి బయట పెంటకుప్ప మీద పడుకోబెట్టి వచ్చింది. పొరుగామె ఎత్తుకొస్తే దోసెడు తవుడిచ్చి కొనుక్కున్నది. చావుకు కూడా అక్కర్లేని పిల్ల అనిపించడానికి ఆ ఏర్పాటు. అందుకే తరువాత పాస్టరు బాప్తిస్మమిచ్చి వేరే పేరు పెట్టబోతే పెంటమ్మ ఒప్పుకోలేదు. బతికించిన పేరును ఎట్లా వదులుకుంటాను అన్నది.

పెంటమ్మ వాళ్ల వాడ ఊరికి దూరంగా, చేవెళ్ల పోయే సడక్ వైపు ఉండేది. వాడకు బావి లేదు. పెంటమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఊరి బావి గట్టు కింద కుండ పట్టుకుని నిలబడటమే పని. గట్టు మీద చేందుకునే వాళ్లకు దయ పుట్టేదాకా నిలబడాలి. దయ పుట్టినా కుండకు కుండ తగలకూడదు కదా, అంతెత్తు నుంచి పోసేవారు. సగం కుండలో పడితే సగం నేలపాలు. ఎట్లా నిలబడితే తక్కువ నీళ్లు ఒలుకుతాయో, తల ఎంత వంచితే ఎక్కువ కుండలు పోస్తారో, అదంతా ఆమెకు కొన్నేళ్లలోనే ఒంటబట్టింది.

ఆ కాలంలోనే సర్కారువాళ్లు గండిపేట నుంచి ఒక నల్లా లైను తెచ్చి సడక్ పక్కన పాతారు. చేవెళ్ల దారిలో పట్నం దొరలు వేటకొచ్చి దిగే బంగళా ఒకటి ఉండేది, దాని కోసం. కందకం తవ్వింది వాడవాళ్లే. పెంటమ్మ మొగుడు మారయ్య కూడా తవ్వాడు. గొట్టాలు దించారు, మన్ను కప్పారు, రెండు వానలకు గడ్డి మొలిచింది. అందులో ఊళ్లకు చుక్క కూడా లేదని అందరికీ తెలుసు గనుక ఆ లైను సంగతి ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

రెండు మూడేళ్లకు పెద్ద కరువు వచ్చింది. ఊరి బావిలోనే నీళ్లు అడుగంటితే ఇక గట్టు కింద వాళ్లకు పోసేదెవరు? అప్పుడు పెంటమ్మ మొదటిసారి తల్లి చేసిన పని చేసింది. వాడ చుట్టూ ఉన్న బీడులో కుండలు బోర్లించింది. ఉపదేశి సాలోమోను, అంటే వాడ పిల్లలకు అక్షరాలు చెప్పి ఆదివారం ప్రార్థన జరిపించే ఆయన, ఇది పాత మూఢనమ్మకమని మొదట కసిరాడు. పొద్దున తానూ వచ్చి నిలబడ్డాడు. అన్ని కుండల కిందా దూది పొడిగానే ఉంది. సడక్ వైపున పెట్టిన కుండ ఎత్తేసరికి మాత్రం దూది నుంచి నీళ్లు కారుతున్నాయి. సాలోమోను ఆ దూదిని అరచేతిలో పట్టుకుని, ఉన్ని తడిస్తే దేవుని మాటగా తీసుకున్న పెద్దలు బైబిల్లో కూడా ఉన్నారని చెప్పి, అక్కడే మోకరించాడు.

రెండు నిలువుల లోతు తవ్వేసరికి నీళ్లు పడ్డాయి. ఊట అడుగున పడలేదు, పక్క గోడలోంచి, సడక్ వైపు నుంచి వచ్చింది. చల్లటి, తేటనైన నీళ్లు. ఎటువైపు నుంచి వచ్చాయని అడిగే తీరిక ఆ రోజు ఎవరికీ లేదు. ఆడవాళ్లు ఏడుస్తూ తాగారు.

దానికి ప్రార్థన బావి అని పేరు పడింది. ఎంత ఎండకాలమైనా చేదకు అందేది. సాలోమోను ఆ సంగతిని వికారాబాద్ కూడికల్లో సాక్ష్యంగా చెప్పి వచ్చేవాడు. జన్వాడ నుంచి మేరీని కోడలిగా ఇచ్చేటప్పుడు ఆమె తల్లి, పిల్లకు నీళ్ల కష్టం లేని ఇల్లని వాడంతా చెప్పుకున్నదట. ఇక పెంటమ్మ సంగతి చెప్పాలా? గట్టు మీద నుంచి నీళ్లు పోసిన వాళ్లే ఆమెను తమ చేలకు పిలిపించుకున్నారు. కొన్ని చోట్ల నీళ్లు పడ్డాయి, కొన్ని చోట్ల రాయి పడింది. పడిన చోట్ల పేరే నిలిచింది. కృష్ణయ్య అనే కాపు తన ఎర్రనేల చేనులో ఆమె చూపిన చోట మెట్ల బావి తవ్వించి, రెండు మోటలకు సరిపడా నీళ్లు పడితే ఉబ్బితబ్బిబ్బై, ఏం కావాలో అడగమన్నాడు. చేను పండితే చాలు పటేలా అన్నది పెంటమ్మ. అప్పుడు ఆమెకు అడగవలసింది ఏమీ లేదు. ఇంటి పక్కన బావి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మూడు నాలుగేళ్లకు పట్నం సడక్‌ను వెడల్పు చేసే పని వచ్చింది. పట్నం అటూ ఇటూ పెరుగుతోంది, పెద్ద పెద్ద లారీలు తిరగాలి, సడక్ చేవెళ్ల దాకా రెండింతలు కావాలి. పాత నల్లా లైను ఇప్పుడు సడక్ కిందికి వస్తుంది, లారీల బరువుకు పగిలిపోతుంది. అందుకని దాన్ని తీసి సడక్ అవతలి పక్కకు మార్చాలని పై నుంచి హుకుం వచ్చింది. చేవెళ్ల మేస్త్రి ఈశ్వరయ్య వాడకు వచ్చి కూలికి మనుషులను మాట్లాడుకున్నాడు. బియ్యం దొరకని రోజులు. కొడుకు పట్నంలో కూలికి ఉండగా మారయ్య, పెంటమ్మ, మేరీ ముగ్గురూ పోయారు.

పోత ఇనుము గొట్టాలు ఒకదాని మూతిలో ఒకటి దూర్చి, సందులో జనపనార కూరి, దానిమీద కరిగించిన సీసం పోసి కీలు కట్టడం ఆ పని. సీసం పోసేటప్పుడు బయటికి కారిపోకుండా కీలు చుట్టూ రేగడి మట్టి పూసిన తాడు చుట్టి, పైన చిన్న నోరు వదులుతారు. ఆ మట్టి పిసకడం ఆడవాళ్ల వంతు. మట్టి పలచనైతే వేడి సీసం తగిలి తుపాకి పేలినట్టు పేలుతుంది. గట్టిపడితే పగిలి సీసం కారుతుంది. మొదటి వారంలో ఒకామె పిసికిన మట్టికి సీసం పేలి ఈశ్వరయ్య మోచేయి కాలింది. ఆ తరువాత ఆయన ఆ పని పెంటమ్మకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. కుండ అంచుకు గాలి చొరకుండా మెత్తిన చేయి అది. కొత్త లైను పొడుగునా ప్రతి కీలుకూ ఆమె పిసికిన మట్టే. ఆఖరున నీళ్లు వదిలి చూసిన రోజున ఈశ్వరయ్య కందకం పొడుగూతా వంగి వంగి తడిమి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“నీ చేతిల ఏమున్నదో గాని పెంటమ్మా, ఒక్క కీలు గూడ ఇంత చెమ్మగిల్లలే.”

పెంటమ్మ సిగ్గుపడి చేతుల మట్టిని చీరకు తుడుచుకున్నది. ఆ సాయంత్రం పాత లైను చక్రం తిప్పి మూసేశారు. బంగళాకు కొత్త లైనులో నీళ్లు పోయాయి.

తరువాత రెండు పొద్దులకు మేరీ బావి నుంచి పరుగున వచ్చింది. కుండలో బురద నీళ్లు ఉన్నాయి.

“అత్తమ్మా, చేద అడుగుకు కొడుతున్నది.”

పుష్యమాసం. ఊరి చెరువులు ఇంకా నిండుగానే ఉన్నాయి. మండుటెండల్లో తగ్గని బావి చలికాలంలో తగ్గడమేమిటి? వాడంతా బావి చుట్టూ చేరింది. మారయ్య లోపలికి దిగాడు. నీళ్లు వచ్చే సందు సడక్ వైపు గోడలో అట్లాగే ఉన్నది, దాని చుట్టూ పాకురు పచ్చగానే ఉన్నది. మోచేతి దాకా చెయ్యి దూర్చి తీసి, పైకి చూసి తల అడ్డంగా ఆడించాడు. సాలోమోను ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించాడు. ఎవరైనా తప్పు చేసి దాచిపెట్టుకున్నారేమో ఒప్పుకోండి అన్నాడు. ఒకామె కోడిపెట్టను దొంగిలించానని లేచి ఏడ్చింది. బావిలో మాత్రం చుక్క పెరగలేదు.

పాత గొట్టాలను తవ్వి తీసే పని లైను మూసిన మరునాడే మొదలైంది. అది ముందుకు సాగుతూ వాడ దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా గడ్డపారకు పొడి మన్నే తగిలింది. వాడ ఎదుటికి రాగానే మన్ను మెత్తబడింది, మరి రెండు గజాలు పోయేసరికి బురదైంది. ఒక కప్ప ఎగిరి కందకం గట్టున పడింది. ఈశ్వరయ్య కేకేసి పని ఆపించి, గొట్టం చుట్టూ ఉన్న బురదను చేతులతో తీయించాడు. కీలు బయటపడింది. సీసం పట్టు వదిలి పక్కకు జారి, నాలుకలా వేలాడుతోంది. జనపనార కుళ్లి నల్లటి పీచులైంది. ఆ కీలు కింద నుంచి భూమిలోకి చెయ్యి పట్టేంత బెజ్జం, కడిగినట్టు తెల్లటి ఇసుకతో, నేరుగా వాడ వైపు పోయింది.

మారయ్య మోకాళ్ల మీద కూర్చుని ఆ బెజ్జంలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. ఆ చెయ్యి అట్లాగే ఉంచి పెళ్లాం వైపు చూశాడు. మొన్న బావిలో దిగి ఇదే చెయ్యి అటు నుంచి పెట్టాడు.  

పెంటమ్మ నెత్తి మీద మన్నుగంప ఉంది. దించాలని ఆమెకు తోచలేదు. గంప ఒరిగి మన్ను సన్నగా ముఖం మీదికి రాలుతున్నా తుడుచుకోలేదు. గొట్టం, బెజ్జం, వాడ, బావి అంచున ఎండుతున్న మేరీ చీర, అన్నీ వరుసగా ఒకే గీత మీద ఉన్నాయి. ఇన్నేళ్లూ అవి అట్లాగే ఉన్నాయి. తాను ఆ గీత మీదే నడిచి, దూది పెట్టి, దేవునికి మొక్కి, ఊళ్లూళ్లూ తిరిగి వచ్చింది. అంతకన్నా, మొన్న మొన్ననే తన చేత్తో మెత్తగా, ఒక్క చుక్క కూడా తప్పించుకోకుండా...

ఈశ్వరయ్యకు నవ్వాగలేదు. “ఇన్నేండ్ల సంది దొరల బంగళా నీళ్లు తాగినరా మీరు? దొరలైపోయినరు పో.”

ఎవరూ నవ్వలేదు. ఆయనకే ఎందుకో ఇబ్బందైంది. గొట్టం ఎత్తించమని కూలీల మీద అరిచాడు.

ఆ పూట నుంచి వాడలో మాటలు మారాయి. శంకరమ్మ అని, పెంటమ్మకు వరసకు తోడికోడలు, కుండలో బురద వడగట్టుకుంటూ వినపడేటట్టే అన్నది. “మేం దేవుడు దొరికిండనుకున్నం. అక్కా, నీ దూదికి దొరికింది నల్లా గొట్టమా?” ఇంకొకరు, అంత బాగా ఎందుకు పిసికావు మట్టి, ఒక్క కీలు దగ్గర చెయ్యి వదులు చేస్తే ఏమయ్యేది అన్నారు.  పెంటమ్మ చూరు కింద బోర్లించి ఉన్న కుండల వైపు చూడటం మానేసింది. బావి చూపమని పిలవడానికి జన్వాడ నుంచి ఎవరో వస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించింది. తాను చూపిన బావులన్నీ గుర్తు చేసుకుంటూ ఒక్కోదాన్నీ అనుమానించింది.

సాలోమోను చొక్కా ఉతుక్కుని సడక్ ఓవర్సీరు దగ్గరికి పోయి, వాడకు ఒక నల్లా ఇప్పించమని అడిగాడు. లైను బంగళాది, దాన్ని ముట్టుకుంటే జైలు అన్నాడట ఓవర్సీరు. ఇన్నాళ్లు వాడుకున్న నీళ్ల సంగతి పైకి రాయనందుకు సంతోషించమని కూడా అన్నాడట. తిరిగి వచ్చిన సాలోమోను పెంటమ్మ గడపలో కూర్చుని, మెల్లగా, దేవుడు గొట్టంలోంచి కూడా ఇయ్యగలడమ్మా అన్నాడు.

“ఇస్తడయ్యా, ఎందుకియ్యడు,” అన్నది పెంటమ్మ. “మరి మూసేటప్పుడు నా చేత్తోనే ఎందుకు మూయించిండు?”



బావి పూర్తిగా ఎండింది. మగవాళ్లు ఇంకో నిలువు తవ్వితే రాయి తగిలింది. వాడ ఆడవాళ్లు మళ్లీ ఊరి బావి గట్టు కిందికి చేరారు. మేరీకి ఆ అలవాటు లేదు. పుట్టింట నీళ్లకు తల్లే పోయేది, ఆమె మెట్టినప్పటికే ఇక్కడ ప్రార్థన బావి ఉంది. మొదటి రోజు తల ఎత్తుకునే నిలబడింది. మీ దేవుని బావి ఏమాయె పిల్లా అని గట్టు మీద ఆడవాళ్లు నవ్వారు. పోసిన నీళ్లు ముఖాన పడ్డాయి. సగం కుండతో, తడిసిన చీరతో వణుకుతూ ఇంటికి వచ్చింది.

“అత్తమ్మా, కుండ ఎట్ల పట్టుకోవాల్నో జర చెప్పు. నాకొస్తలేదు.”

పెంటమ్మ లేచి కుండ అందుకున్నది. చేతులు ఎట్లా పెట్టాలో చూపింది. ఇక తల ఎట్లా వంచాలో చూపించాలి. మెడ వంగింది, అంతలో అక్కడే ఆగిపోయింది. ఈ ఒక్కటి తన కోడలికి నేర్పనవసరం లేదని ఆమె అనుకుని ఎన్నేళ్లయింది! కుండ కింద పెట్టి ఇంట్లోంచి బయటికి నడిచింది.

ఎక్కడికి పోతున్నదో ఆమెకే తెలియదు. కాళ్లు చేల వైపు తీసుకుపోయాయి. కిర్రుమని మోట చప్పుడు వినపడి తలెత్తితే ఎదురుగా కృష్ణయ్య చేను. ఎడ్లు దిగుడు బాటలో దిగుతున్నాయి, తోలుబొక్కెన నిండుగా పైకి వచ్చి ఉల్లిగడ్డ మళ్లలోకి ఒలుకుతోంది. పెంటమ్మ గట్టు మీద నిలబడి నాలుగువైపులా చూసింది. సడక్ కనుచూపు మేరలో లేదు. ఈ ఎర్రనేలలో ఏ సర్కారు గొట్టమూ ఎన్నడూ దిగలేదు. ఇక్కడ కూడా దూది తడిసింది. తన చేత్తోనే ఎత్తి చూపింది.

ఆమె గిరుక్కున తిరిగి ఇంటికి పోయి రెండు కుండలు తీసుకున్నది, ఒకటి తనకు, ఒకటి మేరీకి. ఎందుకో ఏమోనని వెంట పదిమంది ఆడవాళ్లు నడిచారు. శంకరమ్మ కూడా నడిచింది. పెంటమ్మ బావి మెట్ల దగ్గరికి పోవడం చూసి కృష్ణయ్య ఎడ్లను నిలిపాడు.

“ఏంది పెంటమ్మా? నీళ్లు గావాల్నా? ఆడనే ఉండు, పోయిస్త.”

“వద్దు పటేలా. నేనే ముంచుకుంట.”

“దిగుతవా ఏంది?” ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. “నా బావిలకు దిగుతవా నువ్వు?”

“ఈ నీళ్లు యాడున్నయో నీకు చూపింది నేనే. ఏం గావాల్నో అడుగుమన్నవు. అప్పుడు అడగలే, ఇప్పుడు అడుగుతున్న.”

జవాబు కోసం ఆగలేదు. మెట్టు మెట్టుకూ చెయ్యి గోడకు ఆనించుకుంటూ దిగిపోయింది. వెంట వచ్చిన ఆడవాళ్లు నోళ్లకు కొంగులడ్డం పెట్టుకున్నారు. అటువంటిది వాళ్లు కనలేదు, వినలేదు. కృష్ణయ్య చేతిలో ములుకోల అట్లాగే గాల్లో ఉండిపోయింది. కింద కుండ నీళ్లలో మునిగిన బుడబుడ చప్పుడు అందరికీ వినపడింది. తరువాత మేరీ దిగింది. 

కృష్ణయ్య చెయ్యి చేసుకోలేదు. ఊళ్లో పెద్దలు చెప్పినట్టు, వాడవాళ్లు ముట్టిన నీళ్లు పోవాలని ఆ రోజు పొద్దు గూకేదాకా మోట తోలించాడు. తోడిన నీళ్లకు పోయే చోటు ఉల్లి మళ్లే. మరునాడు పొద్దున్నే పెంటమ్మ మళ్లీ దిగింది. మళ్లీ మోట తోలించాడు. ఆ మరునాడూ అంతే. ఎడ్లు నురగలు కక్కాయి. ఉల్లి మళ్లు చెరువయ్యాయి. గడ్డలు కుళ్లిన వాసన వాడ దాకా వచ్చింది. ఒక పొద్దున పెంటమ్మ వెళ్లేసరికి మోట ఆగి ఉంది. కృష్ణయ్య చేను అవతలి చివర ఆమెకు వీపు పెట్టి, నిలిచిన నీళ్లు పోవడానికి పారతో కాలువ తీస్తున్నాడు. తలెత్తలేదు. ఆ పొద్దున శంకరమ్మ కూడా కుండతో దిగింది.

కొన్నాళ్లకు ఆయన మారయ్యతో, ఎడ్లు కట్టకముందే వచ్చిపొమ్మని కబురు పంపాడు. కుండ ఖాళీ అయినప్పుడు వస్తామని పెంటమ్మ కబురు పంపింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మళ్లీ వానలు పడి తగ్గాక చేవెళ్ల వైపు నుంచి ఎవరో రైతు బావి చూపమని వచ్చాడు. పెంటమ్మ చూరు కింది కుండలు తీసి, దుమ్ము దులిపి, మేరీ గంపలో పెట్టింది. రైతు చేనికి పోయాక మాత్రం వెంటనే చేను తిరగలేదు. గట్టు మీద కూర్చుని మొదట ఒకటి అడిగింది, ఈ చుట్టుపక్కల సర్కారు గొట్టమేదైనా పాతారా అని. లేదన్నాడు. రెండోది అడిగింది.

“నీళ్లు పడితే, మీ ఊరి వాడవాళ్లు ముంచుకుంటరా?”

రైతు నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి నవ్వాపాడు. అదెట్లా అవుతుందని నసిగాడు. పెంటమ్మ గంప ఎత్తమని కోడలికి సైగ చేసింది. ఇద్దరూ సడక్ ఎక్కి, సిమెంటు తడి ఇంకా ఆరని పక్కను తప్పించుకుంటూ ఇంటి దారి పట్టారు. చాలా దూరం పోయాక వెనక నుంచి రైతు పిలుస్తున్నట్టు వినపడింది. మేరీ ఆగి అత్త ముఖం వైపు చూసింది.

“మల్ల పిలువనియ్యి,” అన్నది పెంటమ్మ.